మెషీన్ దగ్గరికి వెళ్లే ముందు

అమ్మలూ,

రీసెర్చ్‌లో చేరావని మీ నాన్న చెప్పాడు. క్రిస్టల్ మీద ఎక్స్-రేలు పంపి అణువు నిర్మాణం తేల్చే సింగిల్ క్రిస్టల్ ఎక్స్-రే మెషీన్ డిపార్ట్‌మెంట్లన్నిటికీ కలిపి ఒక్కటేననీ, స్లాట్ కోసం ఎదురుచూస్తున్నావనీ నీ మెసేజ్ చూశాక తెలిసింది. అలాంటి మెషీన్ నడుపుతూ రిటైరైనవాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేను.

స్లాట్ గురించి టెన్షన్ పడకు. చాలామంది స్లాట్ వచ్చిన రోజు పొద్దున క్రిస్టల్ వెతుక్కుంటారు. నువ్వు ఆ పని ముందే మీ ల్యాబ్‌లో చేసుకో. పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టి స్టేజి తిప్పి చూడు. ప్రతి 90 డిగ్రీలకూ క్రిస్టల్ మొత్తం ఒక్కసారిగా చీకటైతే పనికొస్తుంది. ఒక పక్క చీకటై ఇంకో పక్క వెలుగుతుంటే అవి అతుక్కుపోయిన ముక్కలు, వదిలెయ్. ఎటు తిప్పినా చీకటే అయితే క్యూబిక్ (మూడు దిక్కులా ఒకేలా ఉండే) క్రిస్టల్ కావచ్చు, ఉత్త గాజుముక్కా కావచ్చు! సైజు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లుంటే చాలు. పెద్దది తెస్తే ఎలాగూ బ్లేడుతో కోయాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: క్రిస్టల్స్‌ని ఆరబెట్టకు. ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టి, పొట్లం కట్టి తెచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో. ఇట్టే ఆవిరైపోయే డైక్లోరోమీథేన్‌లో పెరిగినవైతే మరీ కష్టం. లాటిస్ (అణువుల వరసల అల్లిక) లోపల ఇరుక్కున్న సాల్వెంట్ బయటికి పోగానే, అద్దంలా మెరిసినవి తెల్లబడి పొడైపోతాయి. అందుకే పెరిగిన ద్రావణంతో సహా, మూత బిగించిన వయల్‌లోనే తీసుకెళ్లు. అక్కడ నూనె చుక్కలోకి తీసి, సన్నటి లూప్‌తో ఎత్తి, 100 కెల్విన్ దగ్గరుండే నైట్రోజన్ గాలిలో పెడతారు. ఆ చలికి అణువుల కదలిక తగ్గి డేటా బాగా వస్తుంది. కొన్ని క్రిస్టల్స్ మాత్రం ఆ చలికి పగులుతాయి. అలాంటప్పుడు కాస్త ఎక్కువ టెంపరేచర్‌లో తీయమని అడుగు, మొహమాటపడకు.

శాంపిల్ ఫారం నింపేటప్పుడు ఏమీ దాచకు. ఏ మూలకాలున్నాయి, ఏ సాల్వెంట్లు వాడావు, ఏం వస్తుందనుకుంటున్నావు, అన్నీ రాయి. పర్‌క్లోరేట్, అజైడ్ లాంటివుంటే తప్పకుండా చెప్పాలి, అవి పేలే ప్రమాదం ఉంది. నీ మాలిక్యూల్‌లో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ లాంటి తేలికైనవే ఉండి, అద్దంలో బింబాల్లాంటి రెండు రూపాల్లో అది కుడిచేతిదా ఎడమచేతిదా తేల్చాలంటే కాపర్ రేడియేషన్ (తరంగదైర్ఘ్యం 1.5418 ఆంగ్‌స్ట్రామ్) అడుగు. బ్రోమిన్ లాంటి బరువైనది ఉంటే మాలిబ్డినం (0.7107) సరిపోతుంది.

పూర్తి డేటాకు దిగే ముందు యూనిట్ సెల్ (క్రిస్టల్ అంతటా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడి) కొలతలు మాత్రం తీయించుకుని, అవే కొలతలతో ముందే ఎవరైనా తేల్చారేమో కేంబ్రిడ్జ్ డేటాబేస్‌లో వెతుకు. 1965లో మొదలైన ఆ భాండాగారంలో 2019 నాటికే పది లక్షల స్ట్రక్చర్లు చేరాయి. ఫాస్ఫీన్లతో పనిచేసేవాళ్లు అందమైన క్రిస్టల్స్ వచ్చాయని సంబరపడతారు, తీరా చూస్తే అందరికీ తెలిసిన ఉప ఉత్పత్తి ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్! ఆ సంగతి పది నిమిషాల్లో తేలితే, స్లాట్ ఇంకొకరికి దక్కుతుంది.

ఆపరేటర్ గారు స్ట్రక్చర్ సాల్వ్ చేసి చేతికిస్తారు, నిజమే. కానీ కనీసం ఒక్కటైనా షెల్‌ఎక్స్ ప్రోగ్రామ్‌తో నువ్వే రిఫైన్ చెయ్ (మోడల్‌ని డేటాకు సరిపోయేలా సవరించు). ఆర్ విలువ (మోడల్‌కీ డేటాకీ ఉన్న తేడా) 5 శాతం లోపు వచ్చిందని మురిసిపోకు, ఎలిప్సాయిడ్లు (ఒక్కో పరమాణువు ఎంత ఊగుతోందో చూపే గుడ్ల లాంటి బొమ్మలు) చూడు. ఒక పరమాణువుది చుట్టుపక్కల వాటికంటే మరీ చిన్నదిగానో పెద్దదిగానో ఉంటే, అక్కడ నువ్వు పెట్టిన మూలకమే తప్పు కావచ్చు. స్ట్రక్చర్‌లో తప్పులు పట్టే చెక్‌సిఫ్‌లో ‘ఎ’ అలర్ట్ (అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక) వస్తే సరిచెయ్, కుదరకపోతే కారణం రాయి. దాన్ని మాయం చేసే దారులు వెతక్కు.

ఇంకొక్క మాట. పేపర్ రాసే సమయానికి ఎక్స్-రే ల్యాబ్ వాళ్లను చాలామంది మర్చిపోతారు. ట్వినింగ్ (రెండు క్రిస్టల్స్ కలిసిపోయి పెరగడం) ఉన్న డేటాతో కుస్తీ పట్టి స్ట్రక్చర్ తేల్చినవారిని ఆథర్‌గా చేర్చాలా, కృతజ్ఞతల్లో రాస్తే సరిపోతుందా అన్నది డ్రాఫ్ట్ మొదలుపెట్టకముందే మీ గైడ్‌తో మాట్లాడు. ఆయన దాటేస్తే ఇంకోసారి అడుగు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న