మద్రాసు బజార్లు: జాకెట్టు ముక్కలు, తమిళ లెక్కలు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లిలో పేరంటాళ్లకు పెట్టడానికి 200 జాకెట్టు ముక్కలు కావాలి. చెన్నైలో చవకంటున్నారు. ఎక్కడ కొనాలి, ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: టీ నగర్ పోకండి, అది చిల్లర బేరం. మీకు కావలసింది షావుకారుపేట దగ్గరి గోడౌన్ వీధి. సెంట్రల్‌లో దిగితే ఆటోకి దగ్గరే. ఆదివారం మాత్రం వద్దు, హోల్‌సేల్ కొట్లు చాలామటుకు మూసేస్తారు. రాత్రి బండికి పోయి తెల్లారి దిగినా, పది దాటితేగాని షట్టర్లు లేవవు.

ధర కంటే ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగండి. 36 అంగుళాల పన్నాలో 80 సెంటీమీటర్ల ముక్క తీసుకుంటే, కాస్త ఒళ్లున్న మనిషికి మోచేతుల జాకెట్టు రాదు. పెట్టినందుకు పేరు రాకపోగా అది బీరువాలో పడి, ఇంకో పేరంటానికి చేతులు మారుతుంది. ఆ పన్నా అయితే మీటరు ముక్కలే అడగండి.

కట్టలో పైముక్క చూసి ఒప్పుకోవద్దు. మధ్యలోంచి ఒకటి లాగి, మడత విప్పి, టేపుతో కొలవండి. కొలత తగ్గేది లోపలి ముక్కల్లోనే. మెరూన్, ముదురాకుపచ్చ రంగులు దిగుతాయేమో తడి చేతిరుమాలుతో గట్టిగా రుద్ది చూడండి. నూలని చెప్పి అమ్మితే నిలువు పోగొకటి, అడ్డపోగొకటి లాగి, కొట్టు బయటికొచ్చి వెలిగించండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. రెండు పోగులూ ఎందుకంటే, ఒకవైపే నూలు వేసి నేసిన గుడ్డలూ ఉంటాయి.

గుడ్డ తాను మొత్తంగా కొని మీరే ముక్కలు కోయించుకుంటే లెక్క ముందే వేసుకోండి. 20 మీటర్ల తానులో 80 సెంటీమీటర్లవి సరిగ్గా 25 వస్తాయి. 90 అయితే 22 వచ్చి, 20 సెంటీమీటర్లు వృథా. చెప్పిన ధరలో 5 శాతం జీఎస్టీ కలిసిందో లేదో అడగండి. కట్టలు కౌంటరు దగ్గరే లెక్కపెట్టుకోండి, హోల్‌సేల్‌లో మార్పిడి ఆశ పెట్టుకోవద్దు. యాభై ముక్కల లోపైతే ఈ తిప్పలన్నీ ఎందుకు, చార్జీలకే సరిపోతుంది. నెల్లూరు చిన్నబజారు చాలు.

ప్రశ్న: పిల్లలతో చెన్నై టీ నగర్‌లోని రంగనాథన్ వీధికి వెళ్లాలనుకుంటున్నాం. తమిళం రాదు. బేరమెట్లా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్లో తాంబరం వైపు లోకల్ ఎక్కి మాంబళంలో దిగండి, వీధి అక్కడే మొదలవుతుంది. మామూలు రోజు పొద్దున వెళ్లండి. ఆదివారం సాయంత్రం, దీపావళి ముందు పిల్లల చెయ్యి వదిలితే వెతకడం కష్టం. ఒక ఫోన్ నంబరు రాసి వాళ్ల జేబులో పెట్టండి.

‘ఎవ్వళవు’ అంటే ఎంత అని. మనవాళ్లు బోల్తాపడేది అంకెల దగ్గర. ‘తొన్నూరు’లో మన చెవికి నూరు వినబడుతుంది, కానీ అది 90. ‘తొళ్లాయిరం’ 900, ఉత్త ‘ఆయిరం’ వెయ్యి. అనుమానమొస్తే ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి అతని చేతికివ్వండి. మీ ధర కూడా అందులోనే కొట్టి చూపించండి.