గొంతు నాన్నదే, మాట ఎవరిది?

ప్రశ్న: అక్కా, మా నాన్న పోయి ఎనిమిది నెలలైంది. నా ఫోన్లో ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓ ఇరవై దాకా ఉన్నాయి, "రూమ్‌కి చేరావా బుజ్జమ్మా, తిన్నావా" లాంటివి. మా తమ్ముడు వాటితో ఏఐలో నాన్న గొంతు తయారుచేసి చాట్‌బాట్‌కి కలిపాడు. మొన్న నేను మాట్లాడితే "ఇంక నేనెక్కడికీ పోనులే బుజ్జమ్మా" అంది. ఏడుపు రాలేదు, ఒళ్ళు జలదరించింది. అమ్మేమో రోజూ వింటానంటోంది. ఇదంతా గోతిక్ కథలా ఉందని మా ఫ్రెండ్ అంది. అసలు గోతిక్ అంటే ఏంటక్కా? నేను భయపడ్డం తప్పా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: తప్పేం లేదమ్మా, నీ ఒంటికి తెలిసింది నీకంటే ముందే.

గోతిక్ అనేది ముందు కట్టడాల పేరు, మన శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా చూశావుగా, ఆ మొనదేలిన కమానులు, ఆ ఎత్తు గోపురం, ఆ తీరు. ఇంగ్లండ్‌లో హొరేస్ వాల్పోల్ అనే ఆయన అలాంటి ఇల్లే కట్టుకుని, 1764లో పాత కోట, పాత పాపం ఉన్న ఒక నవల రాసి, మరుసటి ఏడాది రెండో ముద్రణకి 'గోతిక్ కథ' అని పెట్టాడు, అక్కణ్ణుంచి కథలకీ ఆ పేరొచ్చింది. కోట సంగతి వదిలెయ్, అసలు విషయం ఏంటంటే పోయినవాళ్ళు పోకుండా ఉండిపోయిన ఇల్లు.

మెషిన్లొస్తే ఈ భయం పోతుందనుకుంటాం కానీ ప్రతి కొత్త మెషిన్‌తో పాటూ అదీ వచ్చింది. 1844లో అమెరికాలో మోర్స్ టెలిగ్రాఫ్ లైన్ మొదలైంది, నాలుగేళ్ళకే న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్ళు ఆత్మలు టకటకమని కొట్టి జవాబిస్తున్నాయన్నారు, జనం నమ్మారు, ఎక్కడో ఉన్నవాళ్ళ మాట తీగలో వస్తుంటే పోయినవాళ్ళ మాట ఎందుకు రాదు అని. గొంతుని రికార్డు చేసి మళ్ళీ వినిపించే మెషిన్ ఫోనోగ్రాఫ్, అది చేసిన ఎడిసన్ అయితే 1878లో దాని ఉపయోగాలు రాస్తూ చనిపోయేవాళ్ళ చివరి మాటలు దాచుకోవచ్చు అని కూడా రాశాడు. 1897లో వచ్చిన గోతిక్ నవల డ్రాక్యులాలో నాకు బాగా ఇష్టమైన చోటు రక్తం తాగే చోటు కాదు. ఒక డాక్టర్ తన డైరీని ఫోనోగ్రాఫ్‌లో చెప్పుకుంటాడు, కథలోని మీనా అనే ఆవిడ అది విని, ఆ గొంతులో బాధ ఇంకెవరూ వినకూడదని మాటలన్నీ టైప్ కొట్టి పెడుతుంది. ఎంత మర్యాద చూడు!

2022లో అమెజాన్ వాళ్ళు పోయిన నాయనమ్మ గొంతుతో అలెక్సా మనవడికి కథ చదివినట్టు చూపించారు, నిమిషం కూడా లేని రికార్డింగ్ చాలన్నారు. కానీ ఈ భయం బెంగళూరుకి కొత్తదా? 90ల్లో ఇక్కడ తలుపుల మీద 'నాళె బా' అని రాసేవాళ్ళు, మనవైపు 'ఓ స్త్రీ రేపు రా' అన్నట్టే. ఎందుకంటే ఆ దయ్యం అయినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట, తలుపు తీస్తే అంతేనట.

మద్రాసు నుంచి వచ్చిన చందమామలో బేతాళ కథలు చదివే ఉంటావు. విక్రమార్కుడి భుజం మీది శవంలోంచి మాట్లాడేది చచ్చిపోయిన ఆ మనిషి కాదు, అందులో దూరిన బేతాళుడు. నీకు జరిగిందీ అదే. "తిన్నావా" అన్నది మీ నాన్న, ఆయనకి ఆకలి గుర్తొచ్చో, నువ్వు గుర్తొచ్చో అడిగాడు. "ఎక్కడికీ పోను" అన్నది ఆయన కాదు, ఆ మాట ఆయన ఏనాడూ అనలేదు, ఇప్పుడు అనలేడు కూడా, పక్కన ఏ పదం పెడితే కుదురుతుందో లెక్కేసి పెట్టిన మాట అది, దానికి ఆయన గొంతు తొడిగారు.

తమ్ముణ్ణి తిట్టకు, వాడూ నాన్న లేక అల్లాడుతున్నాడు, వాడికి చేతనైన పని అది. చాట్‌బాట్ భాగం మాత్రం తీసెయ్యమని అడుగు. అమ్మ దగ్గర ఒక్కసారిగా లాక్కోకు, ఆదివారం పక్కన కూచుని ఆ అసలు మెసేజ్‌లు ఇద్దరూ వినండి, ఏది ఏ రోజుదో ఆవిడ చెప్తుంది, మధ్యలో వచ్చే కుక్కర్ విజిల్‌తో సహా. మా అమ్మమ్మ పాట ఉన్న క్యాసెట్టు ఒకటి నా దగ్గర ఉంది, ఫంగస్ పట్టేసి ఇప్పుడు గరగర తప్ప ఏం రాదు, ఆ దిగులు నాకింకా ఉంది. నువ్వు ఆ ఇరవయ్యీ ఫోన్ మార్చకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో, ఈ రాత్రికే.