మా రోబోటిక్స్ క్లబ్ రెండుసార్లు మొదలైంది

మీరు హనుమకొండలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నానని, కాలేజీలో రోబోటిక్స్ క్లబ్ పెట్టాలనుకుంటున్నానని, ఇదివరకు పెట్టినవాళ్లు ఎలా మొదలుపెట్టారో, అది ఎలా నిలబడిందో చెప్పమని అడిగారు. నాకు తెలిసింది మా కాలేజీ క్లబ్ ఒక్కటే, అదీ వరంగల్‌లోనే. దాని సంగతే చెప్తాను.

2008లో ఏబీయూ రోబోకాన్ అనే, ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ విద్యార్థుల రోబో పోటీలు పుణేలో జరిగాయి. దాని థీమ్ గోవిందా, అంటే మన కృష్ణాష్టమి ఉట్టి ఆటే, రోబోలు కుండల్లోంచి వెన్న తీయాలి. ఆ వీడియోలు మా సీనియర్ ఒకన్న హాస్టల్లో చూపించాడు. ఉట్టి కొట్టే రోబో కాకపోయినా నేల మీద నల్ల గీత వెంట నడిచే బండైనా చేద్దామని 2010లో ఐదుగురం కూర్చున్నాం. తలా కొంత వేసుకుని, కాజీపేటలో పొద్దున రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి సిటీ బస్సులో కోఠి వెళ్లి, గుజరాతీ గల్లీలో మోటార్లు, గీతను గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, బండికి మెదడులా పనిచేసే ఏటీమెగా16 చిప్పు తెచ్చుకున్నాం. ఇలాంటి చిప్పుతో సులువుగా ప్రోగ్రాం చేసుకునేలా రెడీమేడ్‌గా వచ్చే బోర్డు ఆర్డ్యునో అప్పటికే ఉంది కానీ మా చేతికి ఇంకా రాలేదు.

మొదటి పోటీలోనే దెబ్బ తిన్నాం. రాత్రంతా హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద చక్కగా గీత పట్టుకుని తిరిగిన బండి, మర్నాడు మధ్యాహ్నం కిటికీల పక్కన వేసిన ట్రాక్ మీద పెట్టగానే పక్కకు వెళ్లిపోయింది. మా సెన్సర్ నేల మీదికి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి, ఎంత తిరిగొస్తుందో చూసి నలుపూ తెలుపూ తేల్చుకుంటుంది. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా, సెన్సర్‌కు నలుపూ తెలుపూ ఒకటే అయిపోయాయి. ఆ తర్వాత సెన్సర్ల చుట్టూ నల్ల చార్ట్ పేపర్‌తో గొడుగులా కట్టడం, స్టార్ట్ చేయగానే బండిని గీత మీద అటూ ఇటూ ఊపి ఎక్కువ విలువ, తక్కువ విలువ అక్కడికక్కడే కొలుచుకునేలా ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాం. మోటార్లకు కరెంటు అందించే ఎల్293డి మోటార్ డ్రైవర్ చిప్పులు ఎన్ని కాల్చామో. అది ఒక్కో మోటారుకు 600 మిల్లీఆంప్సే ఇవ్వగలదు, చక్రం ఎక్కడైనా ఇరుక్కుంటే మోటారు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు. క్లాసులు లేవు, బస్సులు లేవు, కోఠి పోయే దారి లేదు, పైగా కరెంటు కోతలు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం ఎలాగో వచ్చి, కాలేజీలో పక్కన పడేసిన పాత ప్రింటర్లు అడిగి తీసుకుని, వాటిలోంచి స్టెప్పర్ మోటార్లు, పళ్ల బెల్టులు, స్టీలు కడ్డీలు విప్పుకుని పని చేశాం. కరెంటు ఉన్నప్పుడు సోల్డరింగ్, లేనప్పుడు కాగితం మీద సర్క్యూట్. మా జూనియర్లు అసలు పని నేర్చుకుంది అప్పుడే. పోటీ లేదు, టెన్షన్ లేదు, కాబట్టి సోల్డరింగ్ ఐరన్ మేం వాళ్ల చేతికి ఇచ్చాం. మిగతా రోజుల్లో గెలవాలనే తొందరలో అన్నీ మేమే చేసేవాళ్లం. ఆ తప్పు మాదే.

2013లో మేం పాసై వెళ్లిపోయాం. మా కింది బ్యాచ్ కూడా వెళ్లాక క్లబ్ ఆగిపోయింది. 2015లో కొత్త పిల్లలు మళ్లీ మొదలుపెట్టి నాకు ఫోన్ చేశారు. "అన్నా, రెండు వారాల నుంచి చూస్తున్నం, పోర్ట్ సిలో నాలుగు పిన్నులు పని చేస్తలేవు, చిప్పు మార్చినా గంతే" అని. నాకు గుండె కలుక్కుమంది. పోర్ట్ సి అంటే ఏటీమెగా16లో ఒక పిన్నుల గుంపు. అందులో ఆ నాలుగింటిని ఫ్యాక్టరీ నుంచే జేట్యాగ్ అనే డీబగ్గింగ్ పద్ధతికి, అంటే ప్రోగ్రాంలో తప్పులు వెతకడానికి, కేటాయించి పంపుతారు. ఫ్యూజ్ బిట్ అనే చిప్పు సెట్టింగ్ మార్చాలి, లేదా ప్రోగ్రాంలో ఒక బిట్‌ను వెంటవెంటనే రెండుసార్లు రాయాలి. ఐదేళ్ల కింద మేమూ దీని మీదే పది రోజులు పోగొట్టుకున్నాం. జవాబు మాకు తెలుసు, కానీ ఎక్కడా రాసిపెట్టలేదు. మా ప్రోగ్రాములన్నీ ఒకడి ల్యాప్‌టాప్‌లో ఉండేవి, వాడితో పాటే అవీ వెళ్లిపోయాయి.

ఆ ఆదివారమే వరంగల్ వచ్చి ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఇచ్చాను. ఏది పాడైంది, ఎందుకు పాడైంది, ఎలా బాగైంది, తేదీతో రాయాలి. గెలిచిన కప్పుల గురించి అందులో రాయకూడదు. ఇంకో రెండు మాటలు కూడా వాళ్లు ఒప్పుకున్నారు: మూడో సంవత్సరం వాళ్లు పక్కన నిలబడి చెప్పాలే తప్ప బండి మీద చేయి వేయకూడదు, సామాను అల్మారా తాళం ఎప్పుడూ రెండో సంవత్సరం వాళ్ల దగ్గరే ఉండాలి. దీనివల్ల ఆ ఏడాది పోటీల్లో ఓడిపోయారు కూడా. అయినా మానలేదు.

మీరు కూడా గది కోసం, ఫండ్స్ కోసం ఆగకండి. గది మాకు మూడో ఏడు దాకా దొరకలేదు. నోట్‌బుక్ మాత్రం మొదటి రోజే కొనండి, మొదటి సంవత్సరం పిల్లలను ఇద్దరినైనా ఇప్పుడే చేర్చుకోండి.

పోయినసారి వెళ్లినప్పుడు మూడో నోట్‌బుక్ నడుస్తోంది. ఇప్పుడు వాళ్లు వాడేది ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిప్పు. సెన్సర్ విలువలు కొలిచే ఏడీసీ భాగాలు అందులో రెండు ఉంటాయి. చివరి పేజీలో రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె రాసింది: ఈఎస్‌పీ32లో వైఫై ఆన్ చేస్తే ఏడీసీ2 పిన్నుల మీద సెన్సర్ రీడింగ్ రాదు, సెన్సర్లన్నీ ఏడీసీ1కి మార్చాను, రెండు రోజులు పట్టింది.