గింజ కాదు, గింజ మొదలు చూడు

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. ఉత్తరప్రదేశ్‌లో తవ్వకాలకు వెళ్తున్నావనీ, అక్కడ మొక్కల అవశేషాల పని నీకే అప్పగించారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. వరి సాగు ఎప్పుడు మొదలైందో తేల్చాలని ఉందన్నావట. అయితే బయల్దేరే లోపు ఈ ఉత్తరం చదువుకో.

మాడిన బియ్యపు గింజ ఒకటి దొరకగానే శిబిరమంతా చుట్టూ మూగుతుంది. ఎవరో ఒకరు "అయితే వ్యవసాయం చేశారన్నమాట" అంటారు. నువ్వు మాత్రం తల ఊపకు. గింజ దొరికితే అది మనుషుల పొయ్యిలోకో, చెత్తలోకో చేరిందని తెలుస్తుంది, అంతే. చెరువు అంచున దానంతటదే మొలిచిన నివ్వరిని బుట్టలోకి దులుపుకొచ్చి వండుకున్నా, మాడిన గింజ అలాగే ఉంటుంది. పొడవు, వెడల్పు కొలిచి అడవిదో సాగుదో చెప్పేయొచ్చని ఒకప్పుడు అనుకునేవారు. కానీ పచ్చిగా కోసిన గింజ సన్నగా ఉంటుంది, నిప్పులో పడ్డది ఆకారం మారుతుంది. కొలతలు రాసుకో, వాటిని పట్టుకుని తీర్పు మాత్రం చెప్పకు.

చూడాల్సింది గింజ మొదలు. వడ్లగింజ వెన్నును అంటిపెట్టుకుని ఉండే చోటు అది, మిల్లీమీటరు కూడా ఉండదు. అడవి వరిలో గింజ పండగానే అక్కడి పొర విడిపోయి గింజ రాలిపోతుంది. అందుకే మైక్రోస్కోపు కింద ఆ మచ్చ గుండ్రంగా, నున్నగా కనిపిస్తుంది. సాగు వరి పండినా రాలదు, కొట్టి నూర్చాల్సిందే. కాబట్టి దాని మొదలు చిరిగినట్టు గరుకుగా, మధ్యలో వంకర టింకర గుంటతో ఉంటుంది. ఇంకో రకం కూడా ఉంది, పూర్తిగా పండకముందే కోసినది. దానికి చిన్న కాడ ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది. హడావిడిలో దీన్ని కూడా సాగు లెక్కలో వేసేస్తారు. నువ్వు వేరే డబ్బాలో పెట్టు.

ఇంత చిన్నది చేతికి రావాలంటే మట్టిని నీళ్ళలో కలిపి మాడిన ముక్కలను పైకి తేల్చే దగ్గరే జాగ్రత్త పడాలి. అర మిల్లీమీటరు జాలీ చాలంటారు. చాలదు, పావు మిల్లీమీటరుది అడుగు. తేలిన నల్లటి పొడిని గుడ్డలో కట్టి నీడలోనే ఆరబెట్టు. త్వరగా ఆరుతుందని ఎండలో పెడితే బొగ్గు గింజలు పగిలి పిండవుతాయి. బంకమట్టి కరగడం లేదని చేత్తో పిసక్కు, నాననివ్వు. పనివాళ్ళకు కూడా దగ్గరుండి చూపించు.

లెక్క ఎలా వేయాలో చైనాలోని తియెన్‌లువోషాన్ తవ్వకాలు చూసి నేర్చుకో. జెజియాంగ్ రాష్ట్రంలో, 1973లో బయటపడ్డ హెముదు అనే పురాతన స్థలానికి దగ్గర్లోనే ఉంది. అక్కడ 2,600 పైచిలుకు గింజ మొదళ్ళను ఒక్కొక్కటే చూసి వేరు చేశారు. సుమారు 6,900 ఏళ్ళ కిందటి పొరల్లో రాలని రకం 27 శాతం. మరో మూడు వందల ఏళ్ళకు 39 శాతం. ఆ మనుషులు తినేవాటిలో ఓక్ చెట్టు కాయలు, నీళ్ళలో పెరిగే సింగాడా, మఖానా దండిగా ఉన్నాయి. వరి వాటి మధ్య మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చింది. అంటే ఒక రోజున ఎవరో వరిని కనిపెట్టలేదు. సాగు చేస్తూనే ఉన్నారు, మొక్క మాత్రం తరతరాలుగా కొద్దికొద్దిగా మారింది. ఇంత ఆలస్యం ఎందుకంటే, రాలే గింజను బుట్టలోకి దులుపుకుని, దాన్నే మళ్ళీ చల్లితే రాలే గుణమే నిలబడుతుంది. రాలకముందే పచ్చిగా కోసినా అంతే, రెండు రకాలూ ఇంటికొస్తాయి. పండేదాకా ఆగి, కోసి, అందులోంచే విత్తనం దాచుకుంటేనే రాలని రకానికి పైచెయ్యి వస్తుంది. అందుకే నీ రిపోర్టులో "దొరికింది, దొరకలేదు" అని రాయకు. ఏ పొరలో ఏ రకం ఎంత శాతమో రాయి.

ఇక తేదీల గొడవ. నువ్వు వెళ్ళే వైపే బేలన్ లోయలో కోల్డిహవా ఉంది. అక్కడి వరి క్రీ.పూ. 6000 కంటే పాతదని 1970ల్లో పెద్ద పేరొచ్చింది. ఆ తేదీ గింజది కాదు, పొరలో దొరికిన బొగ్గుది. బొగ్గు ముసలి చెట్టుది కావచ్చు, కింది పొర నుంచి పైకి వచ్చి ఉండొచ్చు. చిన్న గింజ అయితే ఎలుక బొరియలోంచో, నేల నెర్రెల్లోంచో ఎంత లోతుకైనా జారుతుంది. ఇప్పుడు ఒక్క గింజ చాలు, నేరుగా దానికే రేడియోకార్బన్ తేదీ తీయవచ్చు. ఖర్చు ఎక్కువని ఎవరన్నా ఒప్పుకోకు.

ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్న లహురాదేవా కథ ఇంకోలాంటిది. అక్కడ గింజకే తేదీ తీశారు, సుమారు క్రీ.పూ. 6400 వచ్చింది. తేదీ గట్టిదే. కానీ ఆ గింజ విత్తితే వచ్చిందా, ఏరుకొచ్చిందా అన్నది ఈనాటికీ వాదనే. గంగా మైదానంలో అడవి వరిని ఎంతోకాలం ఏరుకునో, కొంచెం కొంచెం పెంచుకునో ఉన్నారనీ, చైనా వరి సుమారు 4,000 ఏళ్ళ కిందట వచ్చి దానితో కలిశాకే రాలని రకం ఇక్కడ స్థిరపడిందనీ ఎక్కువమంది అనుకుంటున్నారు. గింజ రాలకుండా చేసే ఎస్‌హెచ్4 అనే జన్యువులోని మార్పు రెండు చోట్లా ఒకటే కావడం ఆ మాటకు బలం. పేపర్లవాళ్ళు మాత్రం చైనా ముందా, మనం ముందా అనే పందెంలోకి నిన్ను లాగుతారు. ఆ వాక్యం నీ నోటి నుంచి రాకుండా చూసుకో.

మన వైపు, కొత్త రాతియుగంలో పశువుల పేడ కాలి ఏర్పడిన బూడిద దిబ్బల్లోనూ వరి దొరుకుతుందేమో అని మీ నాన్న అడిగాడు. దక్కన్‌లో ఆ కాలపు జనం పశువులను మేపుకుంటూ, అండుకొర్రలు, ఉలవలు, పెసలు తిన్నారు. వరి ఇటువైపు చాలా ఆలస్యంగా వచ్చింది. అన్నం లేకపోతే పూట గడవని మనకు ఈ మాట మింగుడు పడదనుకో.

వెళ్ళేలోపు ఒక పని చెయ్యి. చెరువుల దగ్గర నివ్వరి, పొలంలోంచి మామూలు వడ్లు, కొంచెం పచ్చిగా ఉన్న వెన్నులు తెచ్చుకో. వాటిని రేకులో చుట్టి, గాలి తగలకుండా తక్కువ సెగ మీద మాడ్చు. మొదళ్ళు విడదీసి, పేర్లు రాసిన సీసాల్లో పెట్టుకుని వెంట తీసుకెళ్ళు. పుస్తకంలో ఫోటో కంటే అదే పనికొస్తుంది. అక్కడ అనుమానం వచ్చిన ప్రతి ముక్కనూ వాటి పక్కన పెట్టి స్కేలుతో ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, పొర నంబరు మర్చిపోకుండా. నంబరు లేని ఫోటో పంపితే చూడను.

ఇట్లు,
మీ పెదనాన్న