ఎండిన పడవ సందుల్లో దూది కూరొద్దు

చిరంజీవి రవికి,

కృష్ణ ఒడ్డున సీతానగరం రేవులో పాత చెక్కపడవ బేరమాడుతున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఒకడికైనా చెక్కపని మీద మోజు పుట్టిందని మురిసిపోయాను. ఈత రానివాడికి ఏట్లో పనేమిట్రా అని వెంటనే కోపమూ వచ్చింది. ముందు లైఫ్ జాకెట్ కొను, తర్వాతే పడవ.

లోపల కొత్తగా తారు పూసి ఉంటే అనుమానించు. నదిలో తిరిగే పడవ పుచ్చేది వాననీళ్ళు నిలిచేచోట: ముక్కు లోపల, వెనక మూలల్లో, కాళ్ళ కింది చెక్కల అడుగున. అవి లేపించి సన్న స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. అంగుళం మందం పలకలోకి పావంగుళం సులువుగా దిగితే అక్కడ చెక్క పోయినట్టే. ఒకటీ అరా పలకలైతే మార్పించుకోవచ్చు. అడుగు దూలమే పుచ్చితే దండం పెట్టి వచ్చేయ్.

ఇక అందరూ చేసే తప్పు. రోహిణి కార్తె ఎండకు గట్టున పడున్న పడవ పలకలు కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. అది చూసి కంగారుపడి, సుత్తి పెట్టి దూది బిగించి, పైన ఎంసీల్ రాసేస్తారు. ఏట్లో దించాక చెక్క ఉబ్బుతుంది, అడ్డంగానే, అంటే పలక వెడల్పు వైపే ఉబ్బుతుంది. సందులో చోటు లేక పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మేకులు ఊడతాయి, లోపలి వంపు దూలాలు పగులుతాయి. కారని పడవను చేతులారా కారేలా చేయడమంటే ఇదే.

నువ్వు మాత్రం పడవను నీడకు చేర్చు. తడి గోనెలు కప్పి వారంపాటు పూటపూటా తడుపు. తర్వాత మోకాటిలోతు నీళ్ళలో కట్టి, లోపల కూడా నీళ్ళు నింపి మూడు రోజులు వదిలెయ్. సగం సందులు వాటంతటవే మూసుకుంటాయి. నీళ్ళు తోడేసి, ఇంకా ఊరుతున్నచోట్ల మేకుతో గీత పెట్టు. పైకి తీసి, పైతడి ఆరేదాకా నీడలోనే ఉంచు, ఎండలో పెట్టావో మళ్ళీ మొదటికే. గీత పెట్టినచోట మాత్రమే దూదిపోగు వదులుగా పేని, పలక అంచుకు కాస్త లోపలే ఆగేలా నొక్కు. దానిమీద అవిసెనూనెలో కాచిన గుగ్గిలం. అది ఇంట్లో కాచకు, భగ్గుమంటుంది.

వరదంటే నాకు మరీ భయం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకోవడం టీవీలో చూశావుగా. 3.97 లక్షలకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అందాకా ఆగకు, నీళ్ళు పెరుగుతున్నాయనగానే నలుగురిని పిలిచి గట్టెక్కించు.

అడ్వాన్సు మాత్రం ఇవ్వకు. ఆదివారం గుంటూరు నుంచి నేనొస్తాను, ఆ కాళ్ళ కింది చెక్కలు లేపించి ఉంచమను.

మీ పెదనాన్న