ముల్లు ఎప్పుడు లేస్తోంది?

పాత కార్ల శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పదిహేనేళ్ల నాటి పెట్రోలు కారు. ట్రాఫిక్‌లో ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతుంది. రోడ్డు ఖాళీ దొరికి కాస్త వేగం అందుకోగానే మళ్లీ సగానికి దిగుతుంది. విచిత్రం ఏమిటంటే, ఏసీ వేసి ఉంటే ఇంత వేడెక్కదు. పైగా సాయంత్రానికి రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా నిండుగా ఉంటుంది, తెల్లారి మూత తీస్తే రేడియేటర్‌లో నీళ్లు తగ్గి ఉంటాయి. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి వదలని వాల్వు) పీకేశాడు, కొత్త రేడియేటర్ వేశాడు. ఇప్పుడు ఇంజను విప్పాలంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పుడే విప్పనివ్వకండి. ఏ సామాను మార్చాలన్నది తర్వాత, ముల్లు ఎప్పుడు లేస్తోంది, నీళ్లు ఎటు పోతున్నాయి అన్నది ముందు. ఆ రెండూ మీరు బాగానే గమనించారు. వాటిని చూడాల్సినాయనే చూసినట్టు లేదు.

ఇంజను నీళ్లు చల్లారేది రేడియేటర్‌లో. కారు పరుగెడుతుంటే దానికి గాలి దానంతటదే తగులుతుంది. ఆగితే ఆ పని ఫ్యాను చేయాలి. కాబట్టి ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడే బండిలో అనుమానం ముందు ఫ్యాను మీదికే పోవాలి. ఇక ఏసీ సంగతి. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పెరిగి వేడి ఇంకాస్త ఎక్కాలి. మీకేమో తగ్గుతోంది! చాలా పాత కార్లలో ఏసీ వేయగానే, ఇంజను వేడితో నిమిత్తం లేకుండా, ఫ్యాను తిరగడం మొదలెడుతుంది. అంటే మీ ఫ్యాను మోటారు బాగానే ఉంది, వేడెక్కినప్పుడు దానికి కరెంటు ఇవ్వాల్సిన స్విచ్చో, రిలేనో (స్విచ్చు మాట విని ఫ్యానుకి కరెంటు కలిపే చిన్న పెట్టె) చచ్చిపోయింది. రెండు ఫ్యాన్లున్న కారైతే మాత్రం, ఏసీ ఫ్యాను తిరుగుతూ రేడియేటర్ ఫ్యాను మోటారే కాలిపోయి ఉండొచ్చు. బానెట్ ఎత్తి, ఏది తిరుగుతోందో చూస్తే తేలిపోతుంది.

మీ కాలపు కార్లు కొన్నిట్లో రేడియేటర్ అడుగున రెండు వైర్ల స్విచ్చు ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్‌లో పెట్టి, దాని కనెక్టర్ ఊడదీసి, రెండు కొసలనూ చిన్న వైరు ముక్కతో కలపండి. ఫ్యాను గిర్రున తిరిగిందా, స్విచ్చు పోయినట్టే. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. వేళ్లు మాత్రం రెక్కలకు దూరంగా ఉంచండి, అది చెప్పి తిరగదు. ఫ్యానుని కంప్యూటరు నడిపే కార్లలో ఈ వైరు పని చేయకండి, స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

డబ్బా నిండి రేడియేటర్ ఖాళీ కావడం ఇంకో కథ. నిందితుడు చాలావరకు రేడియేటర్ మూతే. అది ఉత్త మూత కాదు, అందులో రెండు వాల్వులుంటాయి. పెద్ద స్ప్రింగుది లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో ఉండే అంకె ఆ ఒత్తిడే, బార్లలో. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు ఒక బారు అదనపు ఒత్తిడిలో 120 దాకా మరగదు. స్ప్రింగు చచ్చుబడితే ఆ వెసులుబాటు పోయి నీళ్లు ముందే పొంగి డబ్బాలోకి వెళ్లిపోతాయి. రెండోది మధ్యలో నాణెమంత ఉండే వాల్వు. ఇంజను చల్లారేటప్పుడు లోపల ఖాళీ ఏర్పడితే ఇది తెరుచుకుని డబ్బాలోని నీళ్లను వెనక్కి పీలుస్తుంది. మూత తీసి ఆ బిళ్లని గోటితో లాగి వదలండి, టక్కున వెనక్కి రావాలి. కదలకపోయినా, చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి పగిలినా అదే అంకె ఉన్న కొత్త మూత వేయండి. మూతకీ డబ్బాకీ మధ్యనున్న సన్నటి పైపు చీలినా నీళ్ల బదులు గాలి పీలుస్తుంది. దాన్నీ ఓసారి వంచి చూడండి.

హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లకీ వాటి పైనుండే హెడ్‌కీ మధ్య పలచటి పొర) పోయినా నీళ్లు డబ్బాలోకి తన్నుకొస్తాయి, మీ మెకానిక్ భయం అదే కావచ్చు. దానికి ఇంజను విప్పక్కర్లేదు. పొద్దున్నే చల్లటి ఇంజనుకి మూత తీసి, నిండా నీళ్లు పోసి స్టార్ట్ చేయించండి. మొదట్లో నాలుగు బుడగలొచ్చి ఆగితే అది ఇరుక్కున్న గాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, లేదా మూత బిగించి స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోసు (రేడియేటర్ పైభాగానికి వచ్చే లావు పైపు) రాయిలా బిగుసుకుంటే, అది సిలిండర్లో మండిన గ్యాసు. రసాయన పరీక్ష కూడా ఉంది: రేడియేటర్ మూతి మీద నీలం రంగు ద్రవమున్న గొట్టం పెడతారు, పొగ గ్యాసు తగిలితే పసుపుకి తిరుగుతుంది. ఇవేవీ తేలకుండా హెడ్ విప్పించకండి.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. అది లేకపోతే చల్లగా ఉంటుందన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ, ఎంత చెప్పినా చావదు. అది లేని ఇంజను త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారిని మూస్తుంది. పీకేస్తే ఆ దారి తెరిచే ఉండి, కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంది. పెట్టే ముందు దాన్ని దారానికి కట్టి, అడుగు తగలకుండా గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచండి, పక్కన థర్మామీటరు ఉంచండి. మీద 82 అని ఉంటే ఆ దగ్గర్లో కదలాలి. దాని అంచులో చిన్న పిన్ను ఉంటే, అది పైకి ఉండేలా బిగించాలి. గాలి పోయే దారి అదే.

ప్రశ్న: నా కారుది తిరకాసు. ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీద అరగంట లాగితే వేడెక్కుతుంది. కింది హోసు పైపు ఒక్కోసారి చప్పిడిగా నొక్కుకుపోతోంది.

జవాబు: గాలి చాలక కాదు, నీరు చాలక. కింది పైపు వాటర్ పంపు పీల్చే వైపు. రేడియేటర్ గొట్టాలు పాచితో, ఉప్పుతో పూడుకుపోతే పంపు అడిగినంత నీరు రాదు, మెత్తబడిన పైపు లోపలికి పీక్కుపోతుంది. చాలా కార్లకు ఈ పైపు లోపల స్ప్రింగు ఉంటుంది, తుప్పుపట్టి విరిగితే ఇదే గతి. పైపు మార్చి, రేడియేటర్ కడిగించండి. పంపు కింద చిన్న కన్నం ఉంటుంది. అక్కడ ఎండిన కూలెంట్ (ఇంజను నీళ్లలో కలిపే రంగు ద్రవం) మరక కనిపిస్తే పంపు సీలు కూడా పోయింది.

ప్రశ్న: ముల్లు సగం దాటనే లేదు, అయినా బానెట్ కింద నుంచి ఆవిరి కమ్మేసింది. మీటరు అబద్ధం చెబుతుందా?

జవాబు: చెబుతుంది. సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే దాని మాట నిజం. నీళ్లన్నీ కారిపోతే అది గాలిలో ఉండిపోయి, ఇంజను కాలిపోతున్నా ముల్లు కిందికే చూపొచ్చు. మామూలుగా ఉండే చోటి నుంచి ముల్లు హఠాత్తుగా పడిపోయినా, హీటర్లో వేడి గాలి బదులు చల్లగాలి వచ్చినా వెంటనే బండి పక్కకి తీసి ఇంజను ఆపండి. పై హోసుని ఉత్త చేత్తో పట్టుకోగలిగేదాకా మూత ముట్టుకోవద్దు.

ప్రశ్న: కూలెంట్ ఆకుపచ్చదా, ఎర్రదా? నీళ్లు ఎంత కలపాలి?

జవాబు: రంగు కంపెనీ ఇష్టం, దాన్ని నమ్మకండి. మీ కారు పుస్తకంలో రాసిన రకం కొనండి, రెండు రకాలు కలపకండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. చిక్కగా ఉంటే మేలనుకుని నీళ్లు తగ్గించవద్దు, వేడిని మోసేది నీరే. డబ్బా మీద ‘కలిపి ఉంది’ అని ఉంటే అలాగే పోసేయండి. పాతది పారబోసేటప్పుడు కుక్కలూ పిల్లులూ నాకకుండా చూడండి, రుచికి తియ్యగా ఉంటుంది గానీ విషం.