మెరుగు పెట్టిస్తే పాత బంగారు నాణెం విలువ పెరుగుతుందా?

ప్రశ్న: కొన్నేళ్లుగా పాత బంగారు నాణేలు సేకరిస్తున్నాను. ఈమధ్య ఒకే రకం, ఒకే సంవత్సరం నాణేలు రెండు చూశాను. ఒకటి అద్దంలా మెరుస్తోంది, రెండోది కాస్త మసకగా, ఎర్రజీర పట్టినట్టుగా ఉంది. అయినా రెండోదానికే ఎక్కువ ధర చెబుతున్నారు. చవకగా వచ్చే మెరిసేదాన్ని కొనవచ్చా? నా దగ్గరున్న వాటికి మెరుగు పెట్టించి గ్రేడింగ్‌కు (నాణెం స్థితిని బట్టి అంకె ఇచ్చే పరీక్షకు) పంపవచ్చా? నాణెం నిజంగా అరుదైనదని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందుగా మీ నాణేలలో ఒక్కదానికి కూడా మెరుగు పెట్టించకండి, ఎందుకంటే ఆ పని జరిగిపోయాక దాన్ని సరిదిద్దే మార్గం లేదు. అచ్చు దిమ్మల మధ్య బంగారు బిళ్లను నొక్కినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు జరుగుతుంది, ఆ కదలిక కంటికి ఆనని సన్నని గీతలుగా ఉపరితలంపై నిలిచిపోతుంది. ఒకే దీపం కింద నాణేన్ని నెమ్మదిగా వంచి తిప్పితే బండిచక్రం ఆకుల్లా వెలుగు పట్టీలు తిరిగేది ఈ గీతల వల్లనే. మెరుగు పెడితే అవి చెరిగిపోయి అన్ని వైపులా ఒకేలా తళతళలాడే మెరుపు మిగులుతుంది. భూతద్దంతో చూస్తే ఖాళీ జాగాలో ఒకే దిశలో సాగి, అక్షరాల అంచు దగ్గర ఆగిపోయే గీరలు కనిపిస్తాయి. అలాంటి నాణేలకు గ్రేడింగ్ సంస్థలు మామూలుగా అంకె ఇవ్వవు, శుభ్రం చేసినదని చీటీపై రాసి పంపుతాయి.

ఎర్రజీర గురించి భయం అక్కరలేదు. పాత బంగారు నాణేలు చాలావరకు స్వచ్ఛమైన బంగారంతో చేసినవి కావు. బ్రిటిష్ సావరిన్ 22 క్యారట్లది, అమెరికా 20 డాలర్ల నాణెంలో 10 శాతం రాగి ఉంటుంది. ఆ రాగి కాలక్రమేణా రంగు మారడం సహజమే.

గ్రేడును 1 నుంచి 70 వరకు లెక్కిస్తారు. 1949లో విలియం షెల్డన్ అమెరికా రాగి సెంట్ నాణేల కోసం ప్రతిపాదించిన పద్ధతి ఇది. 60, ఆపైన అంటే అరుగుదల లేదని అర్థం. అరుగుదల మొదట ఎత్తైన చోట్ల కనబడుతుంది. సెయింట్ గాడెన్స్ రూపొందించిన 20 డాలర్ల నాణెంపై దేవత మోకాలు, రొమ్ము భాగం ముందు చూడాలి. అయితే టంకశాల సంచుల్లో ఒకదానికొకటి తగిలి గాట్లు పడిన నాణేనికి కూడా 60 రావచ్చు. ఎత్తైన చోట్ల మాత్రమే లేశంగా అరిగి, అసలు మెరుపు దాదాపు నిలిచిన 58 నాణెం చాలాసార్లు దానికంటే అందంగా ఉంటుంది, నేనైతే దాన్నే ఎంచుకుంటాను.

ఇక అరుదుతనం విషయంలో, ఎన్ని ముద్రించారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది చూడాలి. 1927లో డెన్వర్ టంకశాల 1,80,000 ఇరవై డాలర్ల నాణేలు ముద్రించింది. 1933లో అమెరికా ప్రభుత్వం ప్రజల నుంచి బంగారాన్ని వెనక్కి తీసుకున్న తర్వాత వాటిలో అత్యధికాన్ని కరిగించేశారు, నేడు తెలిసినవి ఇరవై లోపే. అదే సంవత్సరం ఫిలడెల్ఫియాలో 29 లక్షలకు పైగా ముద్రించినవి మాత్రం విరివిగా దొరుకుతాయి. రెండింటికీ కంటికి కనిపించే తేడా తేదీకి పైన ఉండే చిన్న 'డి' అక్షరమే. అందుకే మామూలు నాణేనికి విడిగా అక్షరం అతికించి మోసగించే ప్రయత్నాలు జరుగుతాయి, అక్షరం చుట్టూ అతుకు గీత గానీ, రంగు తేడా గానీ ఉందేమో ఓపికగా చూడాలి. బరువు, వ్యాసం సరిచూడటం అవసరమే (సావరిన్ 7.988 గ్రాములు, 22.05 మిల్లీమీటర్లు) కానీ అది చాలదు, నిజమైన బంగారంతోనే చేసిన నకిలీలు ఉన్నాయి. కాబట్టి ఖరీదైనది కొనేటప్పుడు పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థలు సీలు చేసిన పెట్టెలో ఉన్నదే ఎంచుకోండి. ఆ పెట్టెలకూ నకిలీలు వస్తున్నందున దానిపై సంఖ్యను సంస్థ జాబితాలో వెతికి, అక్కడి ఫొటోలోని గాట్లు మీ చేతిలోని నాణెంపై గాట్లతో సరిపోతున్నాయో లేదో పోల్చండి.

మీరు చూసిన రెండింటినీ ఒకసారి దీపం కింద వంచి తిప్పండి. మసకగా ఉన్నదానిపై వెలుగు పట్టీలు తిరిగి, ఎత్తైన చోట్ల అరుగుదల లేకపోతే ఎక్కువ ధర అడగడంలో న్యాయం ఉంది. పట్టీలు తిరగకపోతే రెండూ వదిలేయండి.